చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా?

చి.ల.సౌ. సునీతకి పెద్దమ్మ ఆశీస్సులు.

బుజ్జిగాడు స్కూలు పుస్తకంలో పాఠం గడగడా చదివేస్తాడు, వేరే పుస్తకం చేతికిస్తే నోరు విప్పడు, రెండో తరగతికి వచ్చాడు, టెన్షన్‌గా ఉంది అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలతోనే నా సర్వీసంతా గడిచింది. ఇలాంటి పిల్లలు ఏటా ఉండేవాళ్ళు. వాడికి ఆ పాఠం నోటికొచ్చేసింది, అంతే. అది తెలివే కానీ చదవడం కాదు. హోంవర్కులో రైట్ మార్కులు చూసి సంబరపడే తల్లులకి ఈ తేడా మూడో తరగతిలో గానీ తెలిసిరాదు. నీకు ఇప్పుడే అనుమానం రావడం మంచిదే అయింది.

రేపు ఒక పని చెయ్యి. ఆ పాఠంలో బొమ్మని చేత్తో మూసి, ఆఖరి వాక్యం చదవమను. తరవాత మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి అడుగు. మొదటి నుంచి పెదాలు కదుపుకుంటూ వచ్చి అక్కడ ఆగాడంటే అప్పజెబుతున్నట్టే. గుణింతాలకీ ఇదే పరీక్ష. పలక మీద ‘కు’ ఒక్కటే రాసి చూపించు. టక్కున చెప్తే సరే. ‘క, కా, కి, కీ’ అని లోపల అనుకుంటూ వచ్చి ‘కు’ అన్నాడంటే, వాడికి వరస వచ్చు కానీ కొమ్ము చూస్తే గుర్తు రాదన్నమాట.

అలాగైతే ‘క’ గుణింతం మళ్ళీ మొదటి నుంచి వల్లె వేయించకు. ఒక్క గుడినే పట్టుకుని గది, నది, బడి, చిలక, పిలక రాయి. అక్షరాలు మారుతుంటాయి, పైన గుడి మాత్రం అదే ఉంటుంది. వారమంతా అదొక్కటే. క్యాలెండరు మీద, ఉప్పు ప్యాకెట్టు మీద, షాపు బోర్డుల మీద గుడి ఎక్కడుందో వెతకమను. అది కుదిరాక కొమ్ము. ఏత్వం, ఓత్వం దగ్గర పిల్లలు తడబడతారు, వాటికి ఇంకొంచెం టైమివ్వు. ఙ, ఞ ల జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు, వాటితో వాడు చదవాల్సిన మాటలేవీ లేవు.

ఒత్తులంటే మీరంతా భయపెట్టేస్తారు గానీ వాటిలో ఒక సుళువుంది. డ, ద లాంటి వాటికి తలకట్టు తీసేస్తే అదే ఒత్తు. గడ్డ, ముద్ద రాసి చూపిస్తే వాడే కనిపెడతాడు. కనిపెట్టనివ్వు, నువ్వు ముందే చెప్పేయకు. అసలు అక్షరంలా ఉండనివే చిక్కు: త, న, మ, య, ర, ల. వీటికి అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల చాలు. రోజూ నోట్లో నలిగే మాటలే కాబట్టి చూపు కూడా తొందరగా పట్టుకుంటుంది.

వాడు చదివేటప్పుడు పక్కనే కూచుని విను. వంటింట్లోంచి ‘ఆ, చదువు చదువు’ అంటే లాభం లేదు. మాట దగ్గర ఆగితే కాసేపు ఊరుకో. అప్పటికీ రాకపోతే మాట అందించి ముందుకు పోనియ్యి, ఆ మాట మాత్రం ఒక కాగితం మీద రాసిపెట్టుకో. మర్నాటి పాఠం ఆ కాగితమే. స్కూల్లో టీచరు ఒక్కొక్కళ్ళ దగ్గర ఇలా కూచోలేదు, క్లాసునిండా పిల్లలుంటారు. ఇంట్లో నువ్వు చేయగలిగింది, చేయాల్సింది ఇదే. కొత్త పుస్తకాలకి డబ్బు పోయక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, లెవెల్ 1 నుంచి మొదలుపెట్టు.

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టారు. అది చూసి వాచీ పట్టుకుని కూచోకు. ‘వెళ్ళిపోతున్నారు’ అన్నా మనకి ఒక్క మాటే కదా! తెలియని పాఠం చదివి అందులో ఏముందో వాడు తన మాటల్లో చెప్పగలిగితే, వేగం అదే వస్తుంది.

రాతకి వస్తే, పదేసి సార్లు రాయించడం మానెయ్యి. వాడు ఎలా రాస్తున్నాడో ఒకసారి చూడు. మొదటి అక్షరం పై నుంచి కింద దాకా దించేసి, తరవాత రెండో అక్షరం దించుతాడు. మాట రాసిందెక్కడ? దానికి బదులు సామాన్ల చీటీ వాడితో రాయించు. ఉప్పు, పప్పు, పాలు, బియ్యం నువ్వు చెప్తుంటే వాడు రాయాలి. తప్పులుంటే ఉండనీ, షాపు దగ్గర చదివేదీ వాడే.

లెక్కల్లో ముప్పై ఐదు రాయమంటే 305 రాస్తున్నాడన్నావు. విన్నది విన్నట్టు రాస్తున్నాడు పాపం, ముప్పై, ఐదు అని. పెద్ద అట్టముక్క మీద 30, చిన్నదాని మీద 5 రాయి. ఆ 5ని సున్నా మీద కప్పమను. 35 కనిపిస్తుంది. 40, 7 తో మళ్ళీ. దాంతోపాటే చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయించు. మూడు కట్టలు, ఐదు విడి పుల్లలు చేత్తో పట్టుకుంటే 305 మళ్ళీ రాయడు. రేపు 27, 15 కూడేటప్పుడు 312 అని వేయకుండా కాపాడేది కూడా ఈ కట్టలే, పన్నెండు పుల్లల్లో పది తీసి కట్ట కట్టాలని చేతికి తెలుస్తుంది కాబట్టి. ఎక్కాలు ఇడ్లీ రేకుల దగ్గర మొదలుపెట్టు, రేకుకి నాలుగు, మూడు రేకులకి ఎన్ని? ఆ తరవాతే ‘నాలుగు మూళ్ళు పన్నెండు’ నోటికి రావాలి. చిల్లర లెక్క అల్లుడికి అప్పగించు. కూరగాయలకి వెళ్ళేటప్పుడు వాణ్ణి కూడా తీసుకెళ్ళి వాడి చేతే డబ్బులిప్పించమను.

ఇదంతా కలిపి రోజుకి ఇరవై నిమిషాలు, ఆటలయ్యి కాళ్ళూ చేతులూ కడుక్కున్నాక. నిద్ర కళ్ళతో ఉంటే ఆ రోజు మానెయ్యి, మీ అత్తగారి చేత కథ చెప్పించు, అదీ చదువే. ఎదురింటి పాప సంగతి మాత్రం వాడి ముందు ఎత్తకు.

ఇంకొకటి. పుస్తకం మరీ ముఖం దగ్గరగా పెట్టుకుంటున్నాడని ఆ మధ్య మీ అమ్మ అంది. ముందు కళ్ళ డాక్టరుకి చూపించు. కళ్ళు బాగానే ఉండి, కొన్ని నెలలు ఇలా కూచున్నా అక్షరాలు నిలవకపోతే బద్ధకమని తిట్టకుండా టీచరుతో మాట్లాడి, పిల్లల డాక్టరుకి కూడా చూపించు. చూపించాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ