తల అరిగిన స్క్రూ, తెరుచుకోని మూత

ప్రశ్న: మా ఇల్లు బారువలో, సముద్రానికి దగ్గరలో ఉంది. ఆరేళ్ల నాటి లాప్‌టాప్ బాగా నెమ్మదించడంతో, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకుందామని అడుగు మూతకున్న పది స్క్రూలలో తొమ్మిదింటిని తీశాను. తెర మడతబందు పక్కనున్న పదోది కదలలేదు. బలంగా తిప్పేసరికి దాని తలలోని ప్లస్ గాడి అరిగి గుండ్రంగా అయిపోయింది. ఫెవిక్విక్ వేసి స్క్రూడ్రైవర్‌ను దానికి అంటించి తిప్పమని ఒకరు, డ్రిల్ చేయమని మరొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా, ఇంతవరకు వాడిన స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను ఇంకొక్కసారి కూడా తిప్పకండి. గాడి గోడలలో మిగిలి ఉన్న కాస్త లోహమే ఇప్పుడు మీకున్న ఆధారం, జారిన ప్రతిసారీ అది ఇంకొంత తగ్గిపోతుంది.

అది ఎందుకు జారిందో తెలిస్తే తరువాతి పని సులువవుతుంది. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు పొందిన ఈ ప్లస్ గాడికి గోడలు నిలువుగా ఉండవు, లోపలికి వాలుగా ఉంటాయి. అందువల్ల తిప్పే బలం పెరిగేకొద్దీ స్క్రూడ్రైవర్ మొన పైకి ఎగదన్నుకు వస్తుంది. దానిని కిందికి అదిమిపెట్టే బలం మన చేతి నుంచే రావాలి. బిగిసిన స్క్రూ విషయంలో చాలామంది చేసే పొరపాటు తిప్పడం మీదే దృష్టి పెట్టడం. నిజానికి మీ బలంలో ఎక్కువ భాగం అదమడానికి, తక్కువ భాగం తిప్పడానికి పోవాలి. మొన కొలత కూడా సరిపోవాలి. అడుగు మూత స్క్రూలకు ఎక్కువగా పీహెచ్ 0, మరీ చిన్నవాటికి పీహెచ్ 00 (ఇవి ప్లస్ మొనల సైజు గుర్తులు) సరిపోతుంది. ఒక సైజు చిన్నదైన మొన కూడా గాడిలోకి దిగుతుంది, తిరుగుతున్నట్టే అనిపిస్తుంది, కానీ గోడలను పూర్తిగా తాకదు కాబట్టి వాటిని కొరికేస్తుంది.

పని మొదలుపెట్టేముందు పాత డిస్క్‌లోని ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోండి. మూత తెరిస్తే తప్ప బ్యాటరీ తీగ ఊడదీయలేరు కనుక, చార్జింగ్‌ను నాలుగో వంతుకు దిగువకు రానిచ్చి, లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసేయండి.

సముద్రపు గాలి సోకే ఇంట్లో ఆరేళ్లున్న స్క్రూ కనుక దాని మరల (కాడ చుట్టూ ఉండే మెలికల గాళ్ల) మధ్య తుప్పు పట్టి ఉండవచ్చు. కంపెనీలో స్క్రూ వదులు కాకుండా మరలకు పూసే జిగురు గట్టిపడి ఉండటం రెండో కారణం. తుప్పు అనిపిస్తే, తుప్పు వదిలించే నూనెను సూది మొనతో ఒకే ఒక్క చుక్క తల అంచున పెట్టి రాత్రంతా వదిలేయండి. డబ్బా నుంచి నేరుగా స్ప్రే చేయవద్దు, అది లోపలికి పాకుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది కూడా. మర్నాడు గాడిలోని నూనెను శుభ్రంగా తుడిచాకే స్క్రూడ్రైవర్ పెట్టండి. జిగురైతే వేడికి మెత్తబడుతుంది: సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద మాత్రమే ఐదారు సెకన్లు ఆనించి తీసి, వెంటనే తిప్పి చూడవచ్చు. అయితే ఆ చోటు కింద బ్యాటరీ లేదని మీ మోడల్ లోపలి బొమ్మ చూసి నిర్ధారించుకోకుండా ఈ పని చేయకండి. లిథియం బ్యాటరీకి వేడి తగలడం ప్రమాదం.

ఆ తరువాత వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్కను గాడి మీద పరిచి, సరైన సైజు కొత్త మొనను నిటారుగా అదిమి, నెమ్మదిగా ఎడమకు తిప్పండి. రబ్బరు అరిగిన ఖాళీలను నింపి పట్టు ఇస్తుంది. కొద్దిగా అరిగిన తలకు ఇది చాలాసార్లు పనిచేస్తుంది, మీరు రాసినట్టు పూర్తిగా గుండ్రమైనదానికి చేయకపోవచ్చు. అప్పుడు గాడిలో బిగుతుగా ఇరుక్కునే సన్నని చదును మొనను వాడి చూడండి. తల పైకి ఉబికి ఉంటే చిన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పడమే అన్నిటికన్నా తేలిక, కానీ తల గుంటలో కూర్చుని ఉంటే అది కుదరదు.

ఫెవిక్విక్ సలహాను నేను ఒప్పుకోను. పలుచని ఆ జిగురు తల అంచు గుండా మరలలోకి దిగితే, ఇప్పటికే కదలని స్క్రూ ఇంకా బిగుసుకుంటుంది. తల మీద రంపంతో కొత్త గాడి కోయడమూ వద్దు; లోహపు పొడి లోపలి సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

డ్రిల్ చివరి మార్గమే గాని తప్పు మార్గం కాదు. స్క్రూను మొత్తం తొలవనక్కరలేదు, తల ఊడితే చాలు. కాడ మందం రెండు మిల్లీమీటర్లైతే అంతే మందం లేదా కాస్త ఎక్కువ ఉన్న బిట్‌తో తల మందం మేరకే తొలిస్తే తల విడిపోతుంది, మూత లేస్తుంది, మిగిలిన కాడను ప్లేయర్‌తో పట్టి తిప్పి తీయవచ్చు. కానీ ఇంట్లో గోడలకు వాడే పెద్ద డ్రిల్‌తో దీనికి పూనుకోకండి. సోంపేటలోనో శ్రీకాకుళంలోనో గడియారాలు బాగుచేసేవారి దగ్గరకో, చేతితో తిప్పే చిన్న డ్రిల్ ఉన్న కంసాలి దగ్గరకో తీసుకెళ్లండి. సన్నని లోహం మీద పనిచేసే చేతులు వారివి. చుట్టూ టేపు అంటించి, పొడి లోపలికి కాక బయటికి రాలేలా లాప్‌టాప్‌ను వాల్చి పట్టమని చెప్పండి.

ఒక్క స్క్రూయే కదా అని మూతను ఎత్తి లాగవద్దు. మడతబందు దగ్గర ప్లాస్టిక్ విరిగితే తెర నిలబడదు. కొత్త స్క్రూ వేసేటప్పుడు పాతదాని పొడవే ఉండాలి, పొడవైనది బోర్డుకు తగులుతుంది.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఒక స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, పైకి రావడం లేదు. గాడి బాగానే ఉంది.
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చాలావరకు రెండు కారణాలలో ఒకటై ఉంటుంది. కొన్ని మోడళ్లలో స్క్రూ పోకుండా మూతకే అతుక్కుని ఉండేలా చేస్తారు; అటువంటిది వదులైన తరువాత ఊరికే తిరుగుతుంది, దానిని బయటికి తీయనవసరం లేదు. అలా కాకపోతే, ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి బుష్ (స్క్రూ బిగుసుకునే మరల గొట్టం) ఊడి స్క్రూతో పాటే తిరుగుతూ ఉండవచ్చు. మూత అంచు కింద పలుచని ప్లాస్టిక్ కార్డు దూర్చి కొద్దిగా పైకి ఎత్తి పట్టుకుని తిప్పండి. ఆ లాగుడుకు బుష్ బిగిసి, స్క్రూ బయటికి వస్తుంది. మూత తీశాక బుష్ చుట్టూ ఎపాక్సీ పూసి, ఒక రోజు ఆరనిచ్చి, ఆ తరువాతే స్క్రూ బిగించండి.