పాపకి టీకా కార్డుంది, మరి మీ కార్డేది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బాలింతలవే, అందుకని మోకాళ్ల నొప్పులు, గ్యాస్ ట్రబుల్ వాళ్లని వచ్చే నెల దాకా ఆగమని చెప్పి నాలుగు ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. పాపకి ఐదో నెల, సిజేరియన్ అయ్యింది. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో షుగర్ ఉందన్నారు, తిండి తగ్గించి మాత్రలు వాడాను, డిశ్చార్జ్ రోజు షుగర్ పోయిందమ్మా అని పంపేశారు. మూడు నెలలు తెనాలిలో అమ్మావాళ్లింట్లో ఉండి ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశా, వచ్చే నెల ఆఫీసు. పెరిగిన 16 కిలోల్లో 7 మాత్రమే తగ్గాయి. జుట్టు దువ్వెన నిండా వస్తోంది, నడుం నొప్పి, రెండంతస్తులెక్కితే ఆయాసం. ఇంటికొచ్చినవాళ్లంతా పాప పాలు తాగుతోందా, పాప పడుకుంటోందా అనే అడుగుతారు, నేను తిన్నానా అని ఒక్కరూ అడగరు. పాలు తగ్గకుండా బరువు తగ్గే డైట్ చార్ట్ ఇవ్వగలరా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బరువు సంగతి చెప్తాను గానీ అమ్మా, మీరు ఒక్క ముక్కలో రాసి దాటేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. షుగర్ పోయింది అన్నారు కదా, ఆ తర్వాత మళ్లీ టెస్ట్ చేయించుకున్నారా? ఉత్తరంలో ఎక్కడా లేదు, అంటే చేయించుకోలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పదిమందిలో ఒకరో ఇద్దరో తప్ప ఎవరూ చేయించుకోరు.

కడుపుతో ఉన్నప్పుడు జరిగేది ఏంటంటే, మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పని చెయ్యనివ్వవు, మాయ పడిపోగానే ఆ అడ్డు తొలగిపోతుంది కాబట్టి చాలామందికి షుగర్ దిగిపోతుంది. దిగిందే గానీ మీ ఒంట్లో ఇన్సులిన్ నిల్వ అంతంత మాత్రమే అన్న సంగతి మాత్రం ఆ తొమ్మిది నెలల్లో బయటపడిపోయింది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత అసలు షుగర్ జబ్బు వచ్చే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. కాన్పైన ఆరు వారాలకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే టెస్ట్ అందుకే, మీకది తప్పిపోయింది, పర్లేదు, ఐదో నెలలో చేయించినా టెస్ట్ టెస్టే. పొద్దున్నే పరగడుపున వెళ్లాలి, ఒకసారి రక్తం తీస్తారు, గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు, రెండు గంటలయ్యాక మళ్లీ తీస్తారు. ఆ రెండో అంకె 140 లోపుంటే నార్మల్, 140 నుంచి 199 అయితే గట్టు మీద ఉన్నట్టు, 200, ఆ పైన అయితే షుగర్ ఉన్నట్టే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటి చాలు కదా అని ల్యాబ్‌వాళ్లు అంటారు, కాన్పైన కొత్తలో రక్తం పోయి ఉంటుంది కాబట్టి దాని మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. ఇప్పుడు నార్మల్ వచ్చినా ఏడాదికోసారి చేయించుకుంటూనే ఉండాలి.

ఇంకో మాట, మెట్లెక్కితే ఆయాసం అన్నారు, దాన్ని బరువు ఖాతాలో వేసెయ్యకండి. హిమోగ్లోబిన్ చూపించుకోండి, అలసట, జుట్టు రెండూ ఉన్నాయి కాబట్టి దాంతోపాటే థైరాయిడ్ టీఎస్‌హెచ్ కూడా, కాన్పైన ఏడాదిలోపు కొంతమందికి థైరాయిడ్ అటూ ఇటూ అవుతుంది, అది బాలింత నీరసం అనుకుని వదిలేస్తారు. కాళ్లు వాచడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి ఉంటే మాత్రం టెస్టుల కోసం ఆగకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్లాలి, అది గుండె సంగతి కావచ్చు. జుట్టు గురించి బెంగ వద్దు, కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిన జుట్టంతా మూడు నాలుగు నెలలకి ఒక్కసారే రాలుతుంది, ఏడాది తిరిగేసరికి మామూలైపోతుంది, దానికి వేలకి వేలు పోసి నూనెలు కొనక్కర్లేదు.

ఇక బరువు. తొమ్మిది నెలల్లో ఎక్కింది తొమ్మిది వారాల్లో దిగాలంటే కుదరదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క, ఆ తర్వాత 520. అంటే కడుపు మాడ్చే డైట్ మీకు పనికిరాదు. నేను చెప్పే చార్ట్ ఒకటే, కంచంలో అన్నం తగ్గించి ఆ జాగాలో పప్పు, గుడ్డు, కూర పెట్టుకోవడం, బాలింతని కదా అని మధ్యమధ్యలో నోట్లో వేసుకునే బిస్కెట్లు, రస్కులు, స్వీట్లు ఆపెయ్యడం. నెలకి కిలోనో రెండు కిలోలో తగ్గితే చాలు, అంతకంటే స్పీడుగా వద్దు. వారానికి 150 నిమిషాల నడక టార్గెట్ పెట్టుకోండి, ఒకేసారి గంట దొరకదని నాకూ తెలుసు, పాప పడుకున్నప్పుడు పది నిమిషాలు మేడ మీద తిరిగినా లెక్కే. పొట్ట మధ్యలో కండరాల నడుమ రెండు వేళ్లకి పైగా సందు తగులుతుంటే సిటప్స్ జోలికి పోకుండా ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి, మీ నడుం నొప్పికి కూడా అక్కడే దారి దొరకొచ్చు.

ఇవన్నీ గుర్తుండవు అంటారేమో, దానికి నేను నా పేషెంట్లకి చెప్పే చిట్కా ఒకటుంది. పాప టీకా డేట్లు మీకు నిద్రలో లేపి అడిగినా చెప్తారు కదా, ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెల. మీ డేట్లు కూడా వాటికే ముడేసెయ్యండి. ఆరు వారాలప్పుడు తల్లికి బీపీ, కుట్లు, షుగర్ టెస్ట్, పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఏం వాడాలన్న మాట. పద్నాలుగు వారాలప్పుడు హిమోగ్లోబిన్. తొమ్మిదో నెలలో బరువు, బీపీ మళ్లీ, అవసరమైతే థైరాయిడ్. పాప మొదటి పుట్టినరోజు వారంలో షుగర్ మళ్లీ. టీకా కార్డు వెనకాలే ఒక తెల్ల కాగితం పిన్ను కొట్టి మీ పేరు రాసుకోండి. మీకు మొదటి రెండు డేట్లు అయిపోయాయి, సరే, అవన్నీ కలిపి ఈ వారంలోనే చేయించుకోండి, ఆఫీసు మొదలైతే ఇంక కదలరు.

ఆఫీసు అన్నారు కాబట్టి, ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత జీతంతో సెలవు 26 వారాలు అన్నది మీకు తెలిసే ఉంటుంది, తెలియనిదేంటంటే పాపకి 15 నెలలొచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు కూడా చట్టంలో ఉన్నాయి. అడగండి, మొహమాటపడొద్దు.

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్తే. మా బిడ్డకు కాన్పయి ఇరవై ఐదు రోజులైతుంది, మా ఇంట్లనే ఉంది. మేము చేసిన పత్తెం ఒక్కటి చెయ్యనిస్తలేదు. నీళ్లు తక్కువ తాగమంటే బాటిళ్లకు బాటిళ్లు తాగుతది, పెరుగు వద్దంటే కొట్లాడుతది. ఇంకోటి, ఊకె ఏడుస్తుంటది, పిల్లగాన్ని ఎత్తుకోమంటే గోడ దిక్కు తిరిగి పడుకుంటది. దిష్టి తీయించినం. ఏం చెయ్యాలె?
- ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: అక్కయ్యగారూ, రెండో సంగతి ముందు చెప్తాను, మీకది చిన్నదిగా కనిపించి చివర్లో రాశారు గానీ నాకు అదే పెద్దది. కాన్పైన మూడో రోజు నుంచి ఊరికే కళ్లనీళ్లు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది, పది పన్నెండు రోజుల్లో దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, అది జబ్బు, డిప్రెషన్ అంటారు, మీ అమ్మాయికి ఇరవై ఐదు రోజులు. పొగరు కాదు, బద్ధకం కాదు, దిష్టి తీయించినందుకు నేనేమీ అనను గానీ దాంతో సరిపెట్టకుండా ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. పాలిస్తూ వాడుకోదగ్గ మందులున్నాయి. వెంటనే మాట్లాడాలంటే 14416 టెలి మానస్ నెంబరుకి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనుంది అన్నా, బిడ్డనేదో చేసేస్తానేమో అని భయపడుతున్నా, లేనివి వినిపిస్తున్నాయన్నా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉంచకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ లోపు రాత్రి పూట బిడ్డని మీరు చూసుకుని, పాలకి మాత్రం లేపి, వరుసగా నాలుగైదు గంటలు ఆమెని పడుకోనివ్వండి.

ఇక పత్యం. మీరు పెట్టే దాంట్లో మంచి లేకపోలేదు. సొంఠి పొడి నెయ్యేసి మొదటి ముద్ద, ఎల్లిపాయ కారం, మునగాకు, బీరకాయ కూర, అన్నీ పెట్టండి. మా కోస్తా వైపు సొరచేపతో చేసే సొరపిట్టు పెడితే పాలు పడతాయంటారు, పాల సంగతేమో గానీ అందులో బోలెడు మాంసకృత్తులున్నాయి కాబట్టి నేనైతే కాదనను. వేన్నీళ్ల స్నానం, ఒళ్లు పట్టడం కూడా బాగుంటుంది, సిజేరియన్ అయితే కుట్ల మీద మాత్రం పట్టకూడదు. గొడవంతా మీరు ఆపేవాటితోనే. పాలు ఊరేది నీళ్లలోంచి, నీళ్లు తాగితే పొట్ట వస్తుందన్నది వట్టి మాట, తక్కువ తాగితే వచ్చేది మలబద్ధకం, మూత్రంలో మంట. పెరుగు వద్దంటే క్యాల్షియం ఎక్కడిది? జలుబు చేస్తుందని జామకాయ, నారింజ పెట్టరు, ఐరన్ ఒంటికి పట్టాలంటే అవే కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు 57.6 శాతం, మా ఆంధ్రలో 58.8, అంటే ఇందులో ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపే పని లేదు. కాన్పయ్యాక కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి, సబ్ సెంటర్లో ఊరికే ఇస్తారు, క్యాల్షియం మాత్రకీ దానికీ రెండు గంటలైనా తేడా ఉండాలి, టీతో అసలే వద్దు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు బాలింతకీ ఉన్నాయి, వదులుకోకండి.

మంచం కింద కుంపటి అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇవాళే మానెయ్యండి, తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదకి తెస్తుంది. పత్యం కంటే మీరు కనిపెట్టాల్సినవి వేరే ఉన్నాయి, జ్వరం, మైల కుళ్లు వాసన రావడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టడం, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మడం, ఆయాసం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకూడదు, బీపీ కాన్పయ్యాక కూడా పెరుగుతుంది.

ప్రశ్న: బాబుకి ఏడో నెల. నార్మల్ డెలివరీ. తుమ్మినా, దగ్గినా, నవ్వినా మూత్రం చుక్కలు పడుతోంది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను. మా అత్తగారు పిల్లలు పుట్టాక అందరికీ ఇంతే అంటున్నారు. నిజమేనా?
- పేరు రాయలేను

జవాబు: చాలామందికి ఉంటుందన్నది నిజం, భరిస్తూ కూర్చోవాలన్నది అబద్ధం. మీ అత్తగారు కూడా ముప్పై ఏళ్లుగా నవ్వడం తగ్గించుకునే ఉంటారు, పాపం, ఆవిడకీ ఎవరూ చెప్పలేదు. నలుగురిలో గ్యాస్ వస్తుంటే బిగపట్టుకుంటాం చూడండి, ఆ కండరాన్నే పైకి లాగినట్టు బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి, పిర్రలు, తొడలు, పొట్ట బిగుసుకోకూడదు, ఊపిరి ఆపకూడదు. పదిసార్లు, రోజుకి మూడు పూటలు, మెల్లగా ఐదు లెక్కని పదికి పెంచాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చెయ్యొద్దు, యూట్యూబ్‌లో అలాగే చెప్తారు, అది మంచిది కాదు. మూడు నెలలు మానకుండా చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. తుమ్మొచ్చేలా ఉంటే ముందే బిగించుకోండి, పెళ్లికి వెళ్లిరావచ్చు. మలబద్ధకం ఉంటే దాన్నీ చూసుకోవాలి, ముక్కితే అదే కండరం ఇంకా సాగుతుంది. కింద ఏదో జారినట్టు అనిపించినా, మోషన్ ఆపుకోలేకపోయినా ఎక్సర్‌సైజ్‌తో కాలక్షేపం చెయ్యకుండా గైనకాలజిస్ట్‌కి చూపించండి.

ప్రశ్న: బాబుకి ఐదో నెల, నా పాలే పడుతున్నాను, నెలసరి ఇంకా రాలేదు. పాలిస్తున్నంతకాలం కడుపు రాదు కదా?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: వస్తుంది. బాబుకి ఆరు నెలలు నిండకూడదు, నీళ్లు కూడా పట్టకుండా పగలూ రాత్రీ తల్లిపాలే పట్టాలి, నెలసరి రాకూడదు, ఈ మూడూ ఉన్నన్నాళ్లే పాలు కాపాడతాయి, ఒక్కటి తప్పినా ఇంక నమ్మడానికి లేదు. నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది కాబట్టి నెలసరి చూడకుండానే మళ్లీ కడుపుతో వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను. కాన్పుకీ మళ్లీ కడుపు రావడానికీ మధ్య కనీసం రెండేళ్లుంటే తల్లికీ మంచిది, సిజేరియన్ అయినవాళ్లకి మరీను. కాపర్ టీ వేయించుకోవచ్చు, మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ ఉంది, ఛాయ మాత్రలున్నాయి, ఇవన్నీ ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతాయి, పాలకి ఇబ్బంది లేదు. మామూలు మాలా-ఎన్ రకం మాత్రలు ఆరు నెలల లోపు పాలిచ్చేవాళ్లకి వద్దు. మీకింక రెండు నెలలు కూడా లేవు, బాబుకి అన్నప్రాసన ముహూర్తం పెట్టించేటప్పుడే దీనికీ ఒక రోజు చూసుకోండి, మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి, కండోమ్ సంగతి ఆయనతోనే మాట్లాడాలి కదా.