ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఆటలు: వెన్నెల కత్తి, ప్యాచెస్, విషపు ఊబి

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే స్టూడియో మీద, జపాన్ వీడియోగేమ్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ మీద వచ్చాయి. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఒకే ప్రశ్న పదిమంది అడిగిన చోట కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ‘డార్క్ సోల్స్’తో మొదలైన కంపెనీయేనా? ‘కింగ్స్ ఫీల్డ్’ అనే పాత ఆట పేరు వింటుంటాం. దాని నంబర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయేం?

జవాబు: కంపెనీ టోక్యోలో 1986 నవంబరులో పెట్టారు. వ్యవస్థాపకుడు నవోతోషి జిన్. మొదట్లో ఆఫీసు పనులకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాసేవారు. 1994 డిసెంబరు 3న జపాన్‌లో ప్లేస్టేషన్ అమ్మకాలు మొదలయ్యాయి. 13 రోజులకే, అంటే డిసెంబరు 16న, ‘కింగ్స్ ఫీల్డ్’ వచ్చింది. అదే వాళ్ల తొలి ఆట. చీకటి నేలమాళిగ, నెమ్మదిగా నడిచే మనిషి, తిప్పడానికి బరువుగా ఉండే కత్తి. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు.

నంబర్ల గందరగోళానికి కారణం చిన్నదే. ఆ మొదటి ఆట అమెరికాలో విడుదల కాలేదు. జపాన్‌లో 1995లో వచ్చిన రెండో భాగాన్ని అక్కడ ఏ నంబరూ లేకుండా ‘కింగ్స్ ఫీల్డ్’ అని అమ్మారు. మూడోదానికి ‘కింగ్స్ ఫీల్డ్ 2’ అని పేరు పెట్టారు. పాత డిస్కులు కొనేవాళ్లు పెట్టె మీది అంకెను నమ్మకుండా అది ఏ దేశపు కాపీయో ముందు చూసుకోవాలి.

1997లో భారీ రోబో యంత్రాలు నడిపే ‘ఆర్మర్డ్ కోర్’ సిరీస్ మొదలైంది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఈ స్టూడియో అంటే యంత్రాల ఆటలు చేసే స్టూడియో అనే పేరుండేది. హిదెతాకా మియాజాకి 2004లో అందులోనే పనికి చేరారు. అంతకుముందు ఆయన ఒరాకిల్‌లో ఉద్యోగి. ‘ఆర్మర్డ్ కోర్ 4’కు దర్శకత్వం చేశాక, లోపల అందరూ దారి తప్పిందనుకున్న ఒక ఫాంటసీ ప్రాజెక్టును అడిగి మరీ తీసుకున్నారు. ఎలాగూ చెడిపోయిందనుకున్న పని కాబట్టి తనకు నచ్చినట్టు చేసినా అడ్డుపడేవారు ఉండరని ఆయన లెక్క. అదే 2009 ఫిబ్రవరిలో ‘డీమన్స్ సోల్స్’గా బయటికొచ్చింది. 2014లో కంపెనీ కదొకావా అనే జపాన్ సంస్థ చేతికి వెళ్లింది, అదే ఏడాది మియాజాకి అధ్యక్షుడయ్యారు.

ఈ ఆటలు కష్టమని అందరూ అంటారు. మా దృష్టిలో ఈ స్టూడియో అసలు ముద్ర వేరే చోట ఉంది. చెప్పాల్సిన సంగతిని నోటితో చెప్పరు. వస్తువులోనో దారిలోనో శత్రువు చేతి ఊపులోనో దాచి, చూసే బాధ్యత మనకు వదిలేస్తారు. కింది ప్రశ్నల్లో చాలావాటికి మూలం అదే.

ప్రశ్న: ‘డార్క్ సోల్స్’లో మూన్‌లైట్ గ్రేట్‌స్వర్డ్ కోసం సీత్ అనే డ్రాగన్ తోక కొయ్యాలంటారు. ఎన్నిసార్లు కొట్టినా తెగడం లేదు. ఇంతకీ ఈ కత్తికి అంత పేరెందుకు?

జవాబు: ముందు కోత సంగతి. డ్యూక్స్ ఆర్కైవ్స్ పైన సీత్ మొదటిసారి ఎదురైనప్పుడు ఏం చేసినా లాభం లేదు. అక్కడ చచ్చి జైలుగదిలో లేవడమే కథ. రెండోసారి క్రిస్టల్ గుహ చివర కనిపిస్తాడు. అక్కడున్న పెద్ద స్ఫటికాన్ని పగలగొట్టేదాకా అతనికి దెబ్బ ఆనదు. అది పగిలాకే తోక మీదికి వెళ్లండి.

తోకలు మూడు. కత్తి ఇచ్చేది నడిమిది, అదీ చివరి కొస తెగితేనే. తోక మొదలు దగ్గర ఎంత నరికినా అది తోక దెబ్బ కింద లెక్కకు రాదు. చాలామంది పొరపాటు ఇక్కడే. నేరుగా వెనక్కి పరిగెత్తితే సీత్ కూడా తిరుగుతాడు, కొస మీకు అందదు. పక్క తోక దగ్గర నిలబడి నేలలోంచి స్ఫటికాలు లేచే దాడిని రానివ్వండి. అది పూర్తవగానే నడిమి తోక కొస దాకా పరుగెత్తి, ఆయుధాన్ని రెండు చేతులా పట్టి ఒకటి రెండు గట్టి దెబ్బలు వేసి బయటికొచ్చేయండి. ఆశపడి మూడో దెబ్బకు ఆగితే మళ్లీ స్ఫటికాలు లేస్తాయి. అవి శాపం కొలతను నింపుతాయి, నిండితే అక్కడికక్కడే చావు, పైగా లేచాక హెల్త్ సగమే. శాపాన్ని తట్టుకునే కర్స్‌బైట్ ఉంగరం వేసుకుని, సంచిలో శాపం తీసే పర్జింగ్ స్టోన్ ఒకటి ఉంచుకుని వెళ్లండి. తోక తెగకుండా సీత్ చస్తే ఆ ఆటకు ఇక కత్తి లేదు.

దొరికాక వాడాలంటే మీ పాత్ర గుణాల అంకెల్లో స్ట్రెంత్ 16, డెక్స్‌టెరిటీ 10, ఇంటెలిజెన్స్ 28 ఉండాలి. బలం పెంచుకున్న యోధుడికి ఇది అక్కరకు రాదు, దెబ్బ పెరిగేది ఇంటెలిజెన్స్‌తోనే. గట్టి దాడి బటన్‌తో వెలుగు అల దూసుకెళ్తుంది, కానీ ప్రతి అలకూ కత్తి మన్నిక తరుగుతుంది. సరదాకి గాలిలోకి విసరకండి.

ఇక పేరు గురించి. ఈ వెన్నెల కత్తి కింగ్స్ ఫీల్డ్ రోజుల నుంచీ ఉంది. సీత్ అనే పేరు కూడా ఆ సిరీస్‌దే. ‘ఆర్మర్డ్ కోర్’లో అది లేజర్ బ్లేడ్ అయింది. ‘బ్లడ్‌బోర్న్’ అదనపు భాగంలో లుడ్విగ్ చేతిలో కనిపిస్తుంది. ‘ఎల్డెన్ రింగ్’లో రాన్నీ అనే పాత్ర కథ చివరిదాకా నడిపితే డార్క్ మూన్ గ్రేట్‌స్వర్డ్‌గా దొరుకుతుంది, దానికి ఇంటెలిజెన్స్ 38 కావాలి. రూపం మారుతుంది, నీలి వెలుగు మాత్రం పోదు. పాత ఆటలు ఆడినవాడికి అది కనిపించగానే ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: ‘బ్లడ్‌బోర్న్’ మొదలుపెట్టాను. బొమ్మ పలకడం లేదు, లెవెల్ పెంచడానికి ఎక్కడా వీల్లేదు. డిస్క్ పాడైందా?

జవాబు: డిస్క్ బాగానే ఉంది. లెవెల్ పెంచేది ఆ బొమ్మే. అది లేవాలంటే మీ దగ్గర ఇన్‌సైట్ అనే కొలత కనీసం 1 ఉండాలి. సెంట్రల్ యార్నమ్‌లో వంతెన చివర క్లెరిక్ బీస్ట్ అనే పెద్ద శత్రువు కంటపడితే చాలు, ఇన్‌సైట్ వస్తుంది. గెలవనక్కరలేదు. ఓడిపోయి, బొమ్మ ఉండే హంటర్స్ డ్రీమ్‌కు తిరిగి వెళ్తే బొమ్మ నిలబడి ఉంటుంది. మ్యాడ్‌మ్యాన్స్ నాలెడ్జ్ అనే పుర్రె దొరికి ఉంటే దాన్ని వాడినా సరిపోతుంది.

ప్రశ్న: ప్యాచెస్ అనే బట్టతల వాడు ప్రతి ఆటలోనూ మోసం చేస్తాడు. ‘ఎల్డెన్ రింగ్’లో చంపేస్తే పీడ పోతుందా?

జవాబు: చంపకండి. మర్క్‌వాటర్ గుహలో సగం హెల్త్ పోగానే దండం పెట్టేస్తాడు. ఆ క్షణం చెయ్యి ఆపండి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: దాడి బటన్ వరసగా నొక్కుతూ ఉంటే అతను కూర్చున్నాక కూడా ఇంకో దెబ్బ పడుతుంది. సగానికి దగ్గరైనప్పుడు ఒక్కో దెబ్బే వేసి ఆగి చూడండి. వదిలేస్తే సరుకులు అమ్ముతాడు, వోల్కనో మేనర్ దగ్గర అతని కథ ముందుకు నడుస్తుంది. చంపితే అతను వదిలే బెల్ బేరింగ్ అనే వస్తువుతో సరుకులు వేరేచోట కొనుక్కోవచ్చు, కథ మాత్రం అక్కడితో సరి. మన్నించాక ఆ గుహలోని పెట్టె మాత్రం తెరవకండి, ఎలుగుబంట్ల మధ్యకు పంపేస్తుంది.

ఇతని మోసాలకు ఒక గుర్తుంది. అంచు దగ్గర మెరిసే వస్తువు, వెనకాల ఖాళీ స్థలం. ‘డీమన్స్ సోల్స్’లో గోతిలోకి తంతాడు, ‘డార్క్ సోల్స్’లో టూంబ్ ఆఫ్ ద జెయింట్స్‌లో అదే పని, ‘ఎల్డెన్ రింగ్’లో గెల్మిర్ కొండ అంచున మళ్లీ అదే తన్ను. ‘డార్క్ సోల్స్ 3’లో ఏకంగా ఉల్లిపాయ ఆకారపు కవచం దొంగిలించి మన స్నేహితుడిలా వస్తాడు. గొంతు వినగానే పోల్చుకోవచ్చు. ‘డార్క్ సోల్స్ 2’లో అతను లేడు.

ప్రశ్న: ‘ఎల్డెన్ రింగ్’లో లెవెల్ 60 దాటాను. బాస్ (దారికి అడ్డుపడే పెద్ద శత్రువు) రెండు దెబ్బలకే చంపుతున్నాడు, నా దెబ్బలేమో గీతలా తగ్గిస్తున్నాయి. లెవెల్ ఇంకా పెంచాలా?

జవాబు: లెవెల్ అంకె ఒక్కటే పెంచితే లాభం లేదు. మూడు చోట్ల చూడండి.

మొదటిది హెల్త్ పెంచే విగర్ అనే గుణం. 10 దగ్గర మీ హెల్త్ 414, 40 దగ్గర 1450, 60 దగ్గర 1900, 99 దగ్గర 2100. అంటే 40 దాకా ప్రతి పాయింటూ గట్టిగా పనిచేస్తుంది, 60 తర్వాత పెట్టింది దండగ. లెవెల్ 60లో విగర్ 20 ఉందంటే చావుకు కారణం అదే. మిగతావన్నీ ఆపి ముందు 40కి చేర్చండి.

రెండోది ఆయుధం. మామూలు ఆయుధం +25 దాకా వెళ్తుంది, ప్రత్యేక ఆయుధం +10 దాకా. మామూలుదానికి ఆయుధం బలం పెంచే రాళ్లలో ఒక్కో రకం స్మితింగ్ స్టోన్ మూడు మెట్లకు 2, 4, 6 చొప్పున, మొత్తం 12 పడతాయి. సోంబర్ స్టోన్‌తో పెరిగే ప్రత్యేక ఆయుధానికి మెట్టుకు ఒకటే. అందుకే రాళ్లు తక్కువున్నవాళ్లకు రెండోదే త్వరగా పెరుగుతుంది. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర బల్ల మీద +3కి మించి పెరగదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో కమ్మరి హ్యూగ్ దగ్గరికి వెళ్లండి. రాయా లుకారియా క్రిస్టల్ టన్నెల్ బాస్‌ను ఓడిస్తే వచ్చే బెల్ బేరింగ్‌తో మొదటి రెండు రకాల రాళ్లు రూన్స్‌తో (ఆటలోని డబ్బుతో) కొనుక్కోవచ్చు.

మూడోది రోల్, అంటే దొర్లి దెబ్బ తప్పించుకోవడం. మోసే బరువు 70 శాతానికి తక్కువ ఉండాలి, దాటితే దొర్లడం కాదు, కూలబడటమే. ఇంకో సంగతి ఆట ఎక్కడా చెప్పదు: అదే బటన్ పట్టి ఉంచితే పరుగు కాబట్టి, రోల్ మొదలయ్యేది బటన్ నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. వేలు టక్కున కొట్టి తీసేయాలి. భయంతో నాలుగుసార్లు నొక్కితే ఒక రోల్ అయ్యేలోపు ఇంకోటి వరసలో నిలబడుతుంది. రెండో దెబ్బ తగిలేది ఆ అనవసరపు రోల్ చివర్లోనే. బాస్ చెయ్యి పైకెత్తి ఆపి ఉంచే దాడులన్నీ మిమ్మల్ని ముందే రోల్ చేయించడానికి పెట్టినవే. చెయ్యెత్తడం చూడకండి, ఆయుధం కిందికి కదలడం చూడండి.

2024 జూన్‌లో వచ్చిన అదనపు భాగం ‘షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ’లో ఈ లెక్క మారుతుంది. అక్కడ బలం స్కాడుట్రీ ముక్కల్లో ఉంది. మొత్తం 50, అన్నీ పెడితే 20వ మెట్టు. లెవెల్ 150తో వెళ్లి ముక్కలు ఏరకపోతే సామాన్య సైనికుడు కూడా నేల కరిపిస్తాడు.

ప్రశ్న: ప్రతి ఆటలో విషపు ఊబి ఎందుకు? ‘డార్క్ సోల్స్’లో బ్లైట్‌టౌన్ దాటడం నా వల్ల కావడం లేదు.

జవాబు: ఎందుకంటే మియాజాకికి అవి ఇష్టం, ఇంటర్వ్యూల్లో ఆయనే ఒప్పుకున్నారు. ‘డీమన్స్ సోల్స్’లో వ్యాలీ ఆఫ్ డిఫైల్‌మెంట్ నుంచి ‘ఎల్డెన్ రింగ్’ లేక్ ఆఫ్ రాట్ దాకా అదే వరస. చాలా ఊబుల్లో రోల్, పరుగు రెండూ పోతాయి. అలవాటైన రెండు ఆయుధాలు లాక్కుని ఇప్పుడేం చేస్తావని అడగడం దాని ఉద్దేశం.

బ్లైట్‌టౌన్‌కు: ఆట మొదట్లో మాస్టర్ కీ తీసుకుని ఉంటే పైనుంచి దిగొద్దు. న్యూ లోండో నుంచి వ్యాలీ ఆఫ్ డ్రేక్స్ మీదుగా వెనక దారి ఉంది. పైనుంచే దిగాల్సి వస్తే ఊదుడుగొట్టాలతో బాణాలు వేసేవాళ్లను ముందు చంపండి. ఒకసారి చస్తే వాళ్లు మళ్లీ లేవరు. వాళ్ల బాణం ఎక్కించేది మామూలు విషం కాదు, అంతకన్నా వేగంగా చంపే టాక్సిక్. ఊదా నాచు మామూలు విషానికే. టాక్సిక్‌కు పువ్వు ఉన్న ఊదా నాచు కావాలి, ఈ తేడా తెలియక సంచి నిండా మందు పెట్టుకుని చచ్చినవాళ్లు ఎందరో. మొదటి జైలుకు, అండెడ్ అసైలమ్‌కు, తిరిగి వెళ్తే తుప్పు ఉంగరం దొరుకుతుంది. అది వేసుకుంటే ఊబిలో మామూలుగానే నడవచ్చు.

అదే తిరుగు ప్రయాణంలో, మీరు ఆట మొదలుపెట్టిన గదిలో ఒక వింత బొమ్మ ఉంటుంది. అనార్ లోండోలో ఒక పెద్ద వర్ణచిత్రం ముందు నిలబడితే, ఈ బొమ్మ సంచిలో ఉన్నవాడినే చిత్రం లోపలికి తీసుకుంటుంది. ఎవరూ చెప్పరు. బొమ్మ వివరణలోని కొద్ది వాక్యాలు చదివినవాడికి అనుమానం వస్తుంది, అంతే. దొరికిన ప్రతి వస్తువు వివరణా చదవమని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

ప్రశ్న: ‘సెకిరో’లో తప్పుకుంటూ ఆడుతున్నా గెలవలేకపోతున్నాను.

జవాబు: తప్పుకోవడమే ఇబ్బంది. ఇందులో పోశ్చర్ అనే కొలత ఉంటుంది, అది నిండితే నిలదొక్కుకునే పట్టు విరుగుతుంది. మీరు దూరం జరిగిన ప్రతిసారీ శత్రువు పోశ్చర్ కోలుకుంటుంది. దగ్గరే నిలబడి, కత్తి తగిలే క్షణానికి గార్డ్ నొక్కండి. సమయానికి పడితే మీ పోశ్చర్ ఎంత నిండినా విరగదు. శత్రువు హెల్త్ తగ్గేకొద్దీ అతని పోశ్చర్ కోలుకోవడం నెమ్మదిస్తుంది, కాబట్టి మొదట్లో కొన్ని దెబ్బలు హెల్త్ మీదే వేయండి. మీది కోలుకోవాలంటే గార్డ్ పట్టి ఉంచండి.

ఎర్రటి జపనీస్ అక్షరం మెరిస్తే గార్డ్ పనికిరాదు. పొడుపైతే ముందుకు అడుగేసి ఆయుధాన్ని తొక్కిపట్టే మికిరి కౌంటర్, కిందినుంచి కోతైతే ఎగిరి తల మీద తొక్కడం, చేత్తో పట్టుకునే దాడైతే దూరం జరగడం. అక్షరం మూడింటికీ ఒకటే, చూడాల్సింది ఆయుధం మొనను.

ప్రశ్న: ‘ఆర్మర్డ్ కోర్ 6’లో బాల్టియస్ అనే బాస్ దగ్గర ఆగిపోయాను. యంత్రం మొత్తం మార్చాలా?

జవాబు: మొత్తం అక్కర్లేదు. అతని చుట్టూ ఉన్న కవచం పల్స్ ఆయుధాలకు చప్పున కరుగుతుంది. ఒక చేతికి పల్స్ గన్ పెట్టండి, మిగతావి కవచం పోయాక స్టాగర్ చేయడానికి, అంటే అతన్ని కాసేపు కదలకుండా తడబడేలా చేయడానికి. స్టాగర్ అయిన ఆ కాసేపే దెబ్బ బాగా పడుతుంది, భారీ ఆయుధం అప్పటిదాకా దాచండి. పల్స్ గన్ తగిలించాక గరాజ్‌లో బరువు, కరెంటు రెండు అంకెలూ చూసుకోండి. కాళ్లు మోసే బరువు దాటినా, జనరేటర్ ఇచ్చేదాని కన్నా ఎక్కువ లాగినా యంత్రం బయల్దేరనే బయల్దేరదు. రిపేర్ కిట్లు మూడే. మొదటిది కవచం మొదటిసారి కరగకముందే వాడేశారంటే, ఆయుధం సంగతి పక్కనపెట్టి క్షిపణుల కిందకు దూసుకెళ్లడం ముందు అభ్యాసం చేయండి. వెనక్కి ఎగిరితే అవి వెంటాడతాయి, బాల్టియస్ వైపే ముందుకు దూసుకెళ్తే తల మీదుగా పోతాయి.