భర్త పోయిన ఆడవాళ్లకు ఏ సాయం చేస్తే సొంత కాళ్ల మీద నిలబడతారు?

నరసాపురం దగ్గర ఇద్దరు పిల్లలున్న ఒకావిడకు నెలనెలా బియ్యం, సరుకులు ఇస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. మొదట్లో అవి కావాల్సిందే. తర్వాత అవసరాలు మారతాయి.

ముందు కాగితాలు చూడండి. భర్త మరణ ధ్రువపత్రం చేతికి రాకపోతే వితంతు పెన్షన్ కదలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే నెలకు రూ.4,000 అంటే చిన్న ఆసరా కాదు. గ్రామ సచివాలయానికి ఆవిడ వెంట ఒకరు వెళ్లినా సగం టెన్షన్ తగ్గుతుంది. పిల్లలకు మిషన్ వాత్సల్య (పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన పథకం) కింద నెలనెలా ఇచ్చే స్పాన్సర్‌షిప్ సాయం వస్తుందేమో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కనుక్కోండి.

అసలు సంగతి సంపాదన. అక్కడ లేసు అల్లిక చాలామంది ఆడవాళ్ల చేతిలో ఉన్న పనే. 2024లో దానికి జీఐ గుర్తింపూ (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే గుర్తింపు) వచ్చింది. అయినా ఏజెంటు దారం ఇచ్చి, అల్లినదానికి కూలి లెక్కకడతాడు. కళ్లు లాగేదాకా అల్లినా మిగిలేది తక్కువే. దారానికి కొంత పెట్టుబడి ఇచ్చి, నేరుగా కొనేవాళ్లను పరిచయం చేస్తే ధర ఆవిడే చెప్పగలదు. డ్వాక్రా సంఘంలో చేరితే తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది.

అయితే ఆవిడకు అల్లిక ఇష్టమో, టిఫిన్ కొట్టు ఇష్టమో ముందు అడగండి. ఇంకోమాట, సరుకులిస్తూ పిల్లలతో ఫొటోలు మాత్రం దయచేసి తీయకండి. రేపు వాళ్లు బడికి వెళ్లాలి.