మూడవ మాట చెప్పింది నేను, చేసింది అక్క

మీరడిగింది ఇది: ఈ ఏడాది నాన్నగారు పోయారు. ఈస్టర్ ఆరాధనలో అందరూ సంతోషంగా ఉంటే మీ లోపల ఏ కదలికా రాలేదు. త్యాగం, నిరీక్షణ, ప్రేమ అని ప్రతి ఏడూ వినే మాటలు ఎవరికైనా జీవితంలో నిజంగా అర్థమయ్యాయా అని.

నాకు అర్థమయ్యాయని గట్టిగా చెప్పలేను. మా ఇంట్లో జరిగింది మాత్రం చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హెయర్‌తో మొదలైన లూథరన్ సంఘాల్లో మాదీ ఒకటి. శ్రమకాలం, అంటే యేసు శ్రమల్ని తలుచుకుంటూ ఏదో ఒకటి మానుకునే రోజులు, మా వాళ్లకి పట్టింపు ఎక్కువ. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు సీరియళ్లు మానేస్తారు. మా బాబాయి చుట్ట మానేసేవాడు. ఆయన ఈస్టర్ కోసం ఎదురుచూసేది ఆ చుట్ట కోసమేనని పిన్ని అందరి ముందూ అనేది.

2018 చివర్లో అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది, మింగడమూ పోయింది. ముక్కులోంచి పైపు వేసి ఇంటికి పంపారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కని మా ఊళ్లోనే రెండు వీధుల అవతల ఇచ్చారు. బ్లౌజులు కుట్టేది. అమ్మ మంచాన పడ్డ వారమే కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పేసి, పిల్లాణ్ణి తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. బావ రోజూ రాత్రి అన్నానికి వచ్చి పోయేవాడు. నేను నెలనెలా డబ్బు పంపేవాణ్ణి. నా వంతు నేను చేస్తున్నాననే అనుకున్నాను.

2019 మంచి శుక్రవారానికి మా గుడిలో యేసు సిలువలో పలికిన ఏడు మాటల్ని, మాటకొకరు ప్రసంగం చెప్పేలా, ఎప్పటిలాగే ఏడుగురికి పంచారు. మూడవ మాట నాకు ఇచ్చారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, యేసు సిలువ మీద ఉండి తల్లిని తన శిష్యుడికి అప్పగించే మాట అది. ఆ గడియనుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని యోహాను రాస్తాడు. రెండు రాత్రులు కూర్చుని తయారయ్యాను. ప్రాణం పోతున్న వేళ కూడా కన్నతల్లి ఎక్కడుంటుంది, ఏం తింటుంది అని ఆలోచించినవాడని చెప్పాను. పావుగంట మాట్లాడాను. తెల్లచీరల వరసలో చాలామంది పమిట చెంగుతో కళ్లొత్తుకున్నారు.

పన్నెండింటికి మొదలైతే మూడింటికి గాని అయిపోదు. మధ్యాహ్నం ఎండ, ఉపవాసం, పైన తిరిగీ తిరగని ఫ్యాన్లు. ఐదవ మాట, ‘దప్పిగొనుచున్నాను’ అన్నది, చెబుతుంటే వెనక వరసలో పిల్లలంతా గుమ్మం దగ్గర పెట్టిన మజ్జిగ బిందె వైపే చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నేనూ చూశాను. ఆ ఏడు శ్రమకాలానికి నేను టీ మానేశాను. ఎన్ని రోజులైందో, ఇంకా ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్క ఉండేది.

ఇంటికొచ్చేసరికి అక్క అమ్మ పక్కబట్టలు మారుస్తోంది. గుడికి రాలేదు. రావడానికి ఎవరైనా అమ్మ దగ్గర ఉండాలిగా.

“బాగా చెప్పావంటగా. అందరూ ఏడ్చారంట. ఇప్పుడే పక్కింటి అత్త చెప్పి పోయింది” అంది. వెంటనే, “ఆ బకెట్ ఇటు అందుకుని అమ్మని కాస్త పట్టుకోరా, ఒక్కదానివల్ల కావట్లేదు” అంది.

నేను నా తెల్ల లాల్చీ వంక చూసుకున్నాను. ఒక్క క్షణమే. అక్క అది చూసింది.

“సర్లే, బట్టలు మార్చుకునిరా” అంది.

అందులో వెటకారం లేదు. వెటకారం ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

మరుసటి ఏడు, 2020 మార్చి 21న, రెండు రోజులు ఉండి వద్దామని ఊరెళ్లాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఇరుక్కుపోయాను. పగలు ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు పని. రాత్రి కాపలా నాకు వచ్చింది. అప్పుడు గాని అక్క రోజంతా ఏం చేస్తోందో నాకు తెలియలేదు.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద ఎర్రబడుతుంది, తెల్లారేసరికి పుండు. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో దిండు పెట్టాలి. రాగిజావ పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, నలుసు ఉంటే పైపు పూడిపోతుంది. తల వైపు ఎత్తు పెట్టాక ముందు సిరంజితో లాగి చూడాలి, ఇందాక పోసింది లోపలే ఉండిపోతే ఇప్పుడు పోయకూడదు. పోసేటప్పుడు నెట్టకూడదు, సిరంజి పైకెత్తి పట్టుకుంటే దానంతట అదే దిగాలి. చివర్లో కాసిని మంచినీళ్లు. ఆ తర్వాత అరగంట పడుకోబెట్టకూడదు. ఇదంతా అయ్యేసరికి మళ్లీ తిప్పే టైం అవుతుంది.

మూడో వారంలో ఒక రాత్రి, మూడు దాటాక, అమ్మ ఎడమచేత్తో పైపు లాగేసుకుంది. నాకు పిచ్చికోపం వచ్చింది. “ఎందుకు లాగావ్!” అని గట్టిగా అరిచాను. మాటరాని మనిషి మీద. అమ్మ నా వంక చూసి కళ్లు మూసుకుంది. పక్కగదిలోంచి అక్క లేచొచ్చి, నన్నేమీ అనకుండా అమ్మ మూతి తుడిచి, నర్సమ్మకి ఎప్పుడు ఫోన్ చేయొచ్చో గడియారం చూసింది.

పొద్దున అడిగాను, “నీకు కోపం రాదా అక్కా?” అని.

“రాకేం, రోజూ వస్తది. వచ్చినా రెండు గంటలకి తిప్పాలిగా.”

త్యాగం గురించి నేను విన్న ప్రసంగాలన్నిటిలో నాకు గుర్తుండిపోయింది ఈ ఒక్క మాటే. నా టీకి లెక్క ఉంది, నలభై రోజులని. అక్క దగ్గర లెక్క లేదు. చేస్తున్నదానికి ఒక పేరు పెట్టుకునే తీరిక కూడా లేదు.

ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టర్. గుడికి తాళం. ఇంట్లోనే అమ్మ మంచం పక్కన కూర్చుని మార్కు సువార్త పదహారో అధ్యాయం చదివాను. సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, గడవగానే ముగ్గురు స్త్రీలు సుగంధద్రవ్యాలు కొనుక్కుని తెల్లవారుజామునే యేసు సమాధికి బయలుదేరతారు. సమాధి ద్వారం నుంచి రాయి ఎవరు పొర్లిస్తారా అని దారిలో మాట్లాడుకుంటారు. అక్కడ అక్క నవ్వింది. “ఆ రాయి సంగతి ఇంట్లో ఉన్నప్పుడే అనుకోవద్దూ?” అంది. కాసేపాగి మళ్లీ అంది, “అయినా వాళ్లు లేస్తాడని పోలేదు కదరా. శవానికి పూయడానికి పోయారు.”

చిన్నప్పటి నుంచి ఆ భాగం ఎన్నిసార్లు విన్నానో. నాకెప్పుడూ తట్టలేదు. ఆ పొద్దున వాళ్ల చేతుల్లో నిరీక్షణ లేదు. శవానికి పూసే ద్రవ్యాలున్నాయి. చేయాల్సిన పని ఒకటి ఉంది, అంతే. మిగిలిన శిష్యులు తలుపులేసుకుని కూర్చున్నారు. ఇద్దరు ఆమడదూరంలో ఉన్న ఎమ్మాయు ఊరికి నడుస్తూ, దారిలో కలిసిన యేసుతోనే, ఆయనని గుర్తుపట్టక, ‘నిరీక్షించియుంటిమి’ అంటారు. అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదని. మనం మామూలుగా ‘ఆశ’ అనేచోట తెలుగు బైబిలు ‘నిరీక్షణ’ అంటుంది. బయట ఆ మాటకి ఎదురుచూడటమని అర్థం. నాకు ఈ రెండోదే దగ్గరగా అనిపిస్తుంది. ఆశ మనసులో ఉండాలి. ఎదురుచూడటం మనసు ఎలా ఉన్నా చేయొచ్చు, రాత్రి మూడింటికి సిరంజి పైకెత్తి పట్టుకుని కూడా.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఈస్టర్ నాడు సంతోషం రాలేదని మీరు బాధపడుతున్నారు. మొదటి ఈస్టర్ పొద్దున కూడా అందరికీ వెంటనే రాలేదండీ. ఆ స్త్రీలు వణుకుతూ పారిపోయి, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని మార్కు రాశాడు. నాలుగో శతాబ్దం నాటి రెండు ప్రసిద్ధ చేతిరాత ప్రతుల్లో ఆయన సువార్త ఆ వాక్యంతోనే ఆగిపోతుంది. లూకా చెప్పినదాన్ని బట్టి వాళ్లు వచ్చి చెబితే అపొస్తలులకి, అంటే యేసు ముఖ్య శిష్యులకి, అవి వెర్రిమాటల్లా అనిపించాయి. వాళ్లలో తోమా అనే ఆయనకి నమ్మడానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది. ఈస్టర్ పండుగ కాలం పెంతెకొస్తు పండుగ దాకా, యాభై రోజులు. ఒక్క ఆదివారం పొద్దునకే మీలో అంతా కుదురుకోవాలని ఎవరూ నియమం పెట్టలేదు. ఎవరైనా మీకు ‘విశ్వాసం తక్కువైంది’ అంటే పట్టించుకోకండి, అలా అనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు.

అమ్మ 2021 జనవరిలో పోయింది. ఆ ఏడు ఏప్రిల్ 4న ఈస్టర్. ముందురోజు శనివారం నేనూ అక్కా సమాధుల తోటకి వెళ్లాం. ఇంకా సిమెంటు కట్టించలేదు, మట్టిదిబ్బే. చుట్టూ పేర్చిన ఇటుకలకి అక్క సున్నం కొట్టింది. నేను గడ్డి పీకాను. ఆదివారం నాలుగున్నరకల్లా మళ్లీ అక్కడే, ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, అందరి మూతులకీ మాస్కులు. తూర్పు ఎర్రబడుతుండగా పాస్టరుగారు “క్రీస్తు లేచెను” అన్నారు. “నిజముగా లేచెను” అని అందరూ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. అక్క అంది, కాని అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర. చెప్పులు విప్పి అక్క నేరుగా వంటింట్లోకి పోయింది. రాగిజావ కాచింది. గుడ్డ తీసి రెండుసార్లు వడకట్టింది. అప్పుడు గిన్నె వంక చూసి ఆగిపోయింది. కాసేపటికి దాన్నే రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నాకు అందించింది.

“ఉప్పు వేయలేదు, చూసుకో” అంది.