తండ్రి ‘కనడం’ తప్పా?

సందేహం: మత్తయి సువార్త మొదట్లో ‘అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను’ అని వరసగా ఉంటుంది. కనేది తల్లి కదా, మగవాళ్లు కనడమేమిటి? ‘తామారునందు కనెను’ అనడం తెలుగేనా? అసలు అన్ని పేర్లు ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: కన్నతల్లి అన్నంత సహజంగానే కన్నతండ్రి అంటాం. ‘వరసగా నలుగురు ఆడపిల్లల్నే కన్నాడు’ అని మగవాడి గురించి చెప్పుకుంటాం, ఎవరూ తప్పు పట్టరు. ప్రసవించడం, కాన్పు కావడం తల్లికే చెల్లుతాయి గాని కనడం ఇద్దరిదీ. ‘తామారునందు’ అన్నది సంస్కృత పురాణాల బాణీ. అక్కడ వంశాలు చెప్పేటప్పుడు ‘తస్యాం జనయామాస’ (ఆమెయందు కనెను) అంటారు. ఇప్పటి వాడుకలో ‘యూదాకు తామారు వల్ల పుట్టారు’ అంటే చాలు.

ఈ ‘కనెను’ను మరీ అక్షరాలా కూడా పట్టుకోకూడదు. 8వ వచనంలో యోరాము ఉజ్జియాను కన్నాడని ఉంది. మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయం తీసి చూడండి, ఇద్దరి మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా కనిపిస్తారు. (ఉజ్జియాను అక్కడ అజర్యా అన్నారు, కంగారు పడొద్దు.) అంటే మునిమనవడి కొడుకును కూడా ‘కన్నట్టే’. ఎన్నో తరాల ముందటి రాజు దావీదు పేరుతో యేసును ‘దావీదు కుమారుడు’ అనడమూ ఈ లెక్కలోదే.

ఇక అన్ని పేర్లు ఎందుకంటే, ఆనాటి యూదుల సమాజంలో వంశం తేలకపోతే దేవుని సేవలోనే చోటు లేదు. బబులోనులో బందీలుగా ఉండి తిరిగొచ్చాక, వంశావళిలో పేరు దొరకని కొన్ని కుటుంబాలను యాజకత్వం (పూజారి పని) నుంచి తప్పించారని ఎజ్రా 2వ అధ్యాయం చెబుతుంది. అంత పట్టింపు ఉన్నచోట మత్తయి ఎవరిని చేర్చాడో చూడండి. వేశ్య వేషంలో మామ వల్ల గర్భవతి అయిన తామారు, యెరికో వేశ్య రాహాబు, మోయాబీయురాలు రూతు. మోయాబీయులు పదో తరం దాకా యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఆ రూతే దావీదు తాతకు తల్లి! నాలుగో ఆమెకు పేరే పెట్టలేదు, ‘ఊరియా భార్యగానుండిన ఆమె’ అన్నాడంతే. బత్షెబ అని రాసి ఉంటే, ఊరియా భార్యతో దావీదు చేసిన తప్పు మీద ముసుగు పడేది. ఈ పట్టీని వంశ గొప్ప చెప్పుకోవడంగా చదివేవాళ్లు ఈ నలుగురి దగ్గర ఆగి చదవలేదని నా అనుమానం.

మీ ప్రశ్నకు అసలు కీలకం 16వ వచనంలో ఉంది. యాకోబు (ఇస్సాకు కొడుకు కాదు, అదే పేరున్న మరొకరు) యోసేపును ‘కనెను’ అన్నంతవరకూ పాత వరసే. ఆ తర్వాత యోసేపు కన్నాడని లేదు. అతణ్ని ‘మరియ భర్త’ అని, ‘ఆమెయందు’ యేసు ‘పుట్టెను’ అని క్రియ మార్చేశారు. గ్రీకు మూలంలోనూ ఇక్కడే కర్తరి పోయి కర్మణి వస్తుంది. దావీదు వంశం యోసేపు ద్వారా అందింది, కాని యోసేపు కన్నతండ్రి కాడు. మీరు వాడుక భాషలోకి మార్చి ‘అబ్రాహాముకు ఇస్సాకు పుట్టాడు’ అని మొదటినుంచీ రాసుకుంటూ పోవచ్చు, వ్యాకరణం అడ్డు రాదు. కాని 16వ వచనానికి వచ్చేసరికి ఆ తేడా చూపించడానికి మీ చేతిలో వేరే క్రియ మిగలదు.