బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు కట్టుకున్న నికోడెమస్ ఎందుకు ఖాళీ అయింది?

అమెరికాలోని కాన్సాస్‌లో 1877లో వెలిసిన నికోడెమస్‌ను ముఖ్యంగా దెబ్బతీసింది, 1888లో రైలు మార్గం ఊరికి దూరంగా పోవడమే. అప్పట్లో పంట అమ్ముకోవాలన్నా, బయటి సరుకు రావాలన్నా రైలే ఆధారం. దాంతో కొట్లు నడిపేవాళ్లు చాలామంది సాలొమన్ నదికి అవతల, పట్టాలు వేసిన బోగ్ అనే ఊరికి తరలిపోయారు.

సేద్యం చేతకాక పోయారనుకోవడం పొరపాటు. ఎక్కువగా కెంటకీ నుంచి వచ్చిన ఆ కుటుంబాలు చెట్లే తక్కువైన మైదానంలో నేల తవ్వుకుని, ఆ గుంతల్లోనే తలదాచుకున్నాయి. మొదటి చలికాలం ఎంత కటకటంటే, అమెరికా ఆదివాసులైన ఓసేజ్ తెగవాళ్లు తమ వేట మాంసం పంచి ఆదుకున్నారు. అయినా నిలబడి పంటలు పండించారు. తర్వాత 1930ల కరువు, దుమ్ము తుఫానులు మిగిలినవాళ్లలోనూ చాలామందిని కదిలించాయి. ఊరు మాత్రం పూర్తిగా చెరిగిపోలేదు. 1996లో జాతీయ చారిత్రక స్థలమైంది.